నెమలిని చంపితే ఏడేళ్లు, గూడు ముంచితే?

"నెమళ్లు మితిమీరి పెరిగినయ్, చంపుకోవడానికి పర్మిషన్ ఇయ్యాలె." ఈ మాట ఊరి రచ్చబండ దాటి చాలా కాలమైంది. గోవాలో మంత్రులే అన్నారు. 2016లో అప్పటి వ్యవసాయ మంత్రి రమేశ్ తవడ్కర్ రైతుకు నష్టం చేసే జంతువుల జాబితాలో నెమలిని చేర్చే ఆలోచన ఉందన్నారు. 2023లో మరో వ్యవసాయ మంత్రి రవి నాయక్ అదే పాట పాడారు. రెండుసార్లూ దేశమంతా గగ్గోలు పుట్టింది, రెండుసార్లూ సద్దుమణిగింది. మన దగ్గర ఏ మంత్రీ అంత దూరం పోలేదు గానీ, 2024 ఆగస్టులో సిరిసిల్ల జిల్లా తంగళ్లపల్లి మండలానికి చెందిన ఒక యూట్యూబర్ 'సంప్రదాయ నెమలి కూర' వండే విధానమంటూ వీడియో పెట్టి కటకటాల పాలయ్యాడు. నాలుగు లైకుల కోసం జాతీయ పక్షిని పొయ్యి మీదికెక్కించిన వాడి మీద జాలి చూపమని ఎవరూ అడగరు. నేనూ అడగను.

అయితే ఆ వీడియో మీద చర్చ జరిగిన తీరు చూస్తే చిరాకు కలిగింది. ఒక పక్క "నెమలి పవిత్రం, కుమారస్వామి వాహనం, కృష్ణుడి తల మీది పింఛం" అని భక్తి. ఇంకో పక్క "కోడిని కోస్తే లేని తప్పు నెమలిని కోస్తే ఎట్లయితది" అని వాదం. ఈ రెండింటి మధ్యా అసలు ప్రశ్న మూల పడింది. జాతీయ పక్షిని వేటాడటం ఎప్పటికైనా, ఎవరికైనా చట్టబద్ధం కావచ్చా? నా జవాబు ముందే చెబుతున్న. కావద్దు. కానీ ఈ దేశంలో, ముఖ్యంగా గోదావరి ఒడ్డున, ఆ వేట ఇప్పటికే చట్టబద్ధంగా సాగుతోంది. చేసేవాడు బోయవాడు కాదు గనుక దాన్ని మనం వేట అనడం లేదు, అంతే.

ముందు చట్టం సంగతి చూద్దాం. నెమలి 1963లో జాతీయ పక్షి అయింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అందులో పులి, ఏనుగు ఉన్న మొదటి షెడ్యూలులోనే నెమలి కూడా ఉంది. దాన్ని చంపితే తక్కువలో తక్కువ మూడేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఏడేళ్లు జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా కనీసం 25 వేలు. ఇందులో ఒక చిన్న తలుపు ఉంది. పదకొండో సెక్షను. మొదటి షెడ్యూలు ప్రాణి మనిషి ప్రాణానికి ముప్పుగా మారితేనో, బతికి బట్టకట్టలేనంత జబ్బో గాయమో అయితేనో, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి కారణాలు రాసి, లిఖితపూర్వకంగా అనుమతిస్తేనే చంపవచ్చు. పంట పాడు చేస్తోందన్న కారణం ఇక్కడ చెల్లదు. కింది షెడ్యూలు జంతువులకు మాత్రం పంట నష్టమూ కారణమే. అడవి పందుల విషయంలో మన రాష్ట్రాలు వాడుకున్నది ఆ వెసులుబాటునే. కేంద్రం ఏదైనా జంతువును 'హానికరం' అని ప్రకటించి వేటను బార్లా తెరవాలన్నా రెండో షెడ్యూలులో ఉన్నవాటికే కుదురుతుంది. అంటే గోవా మంత్రులు ఎంత అరిచినా, కేంద్రం షెడ్యూలు మార్చనంత కాలం నెమలి ఆ జాబితాకు ఎక్కదు.

ఇంతవరకు వార్తాపత్రికలు చదివేవాళ్లకు తెలిసిందే. మనం చదవని మాట అదే చట్టం రెండో సెక్షనులో ఉంది. వేట అంటే ఏమిటో అక్కడ చెప్పారు. చంపడం, పట్టడం, ఉచ్చు వేయడం, విషం పెట్టడం మాత్రమే కాదు. పక్షుల విషయంలో గుడ్లు పాడు చేయడం, గూటిని చెదరగొట్టడం కూడా వేటే. ఈ ముక్క మన అందరికీ నోటికి వచ్చి ఉండాల్సింది.

నెమలి గూడు చెట్టు మీద ఉండదు. పొద చాటున నేల మీద చిన్న గుంట చేసుకొని నాలుగో ఆరో గుడ్లు పెడుతుంది. బుల్డోజరు కొనకు, వరద నీటికి మొదట దొరికేది ఆ గూడే.

ఇప్పుడు గోదావరి దగ్గరికి రండి. రాజమండ్రి దగ్గర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కింద పచ్చటి డెల్టా. దానికి ఎగువన పోలవరం, ఇంకా పైన పాపికొండలు. 1978లో అభయారణ్యమై, 2008లో జాతీయ పార్కు అయిన వెయ్యి చదరపు కిలోమీటర్ల అడవి అది. నెమళ్లున్న అడవి, కొండరెడ్లున్న అడవి. పోలవరం ప్రాజెక్టు కోసం ఈ ప్రాంతంలో 3,700 హెక్టార్లకు పైగా అటవీ భూమిని మళ్లించడానికి 2010లో కేంద్రం తుది అనుమతి ఇచ్చింది. ముంపు ఊర్లతో పాటు ఖమ్మం జిల్లా మండలాలను 2014లో ఆర్డినెన్సుతో ఎట్లా లాగేసుకున్నారో ఈ పత్రిక పాఠకులకు నేను కొత్తగా చెప్పేదేముంది? చింతూరు, కూనవరం, వీఆర్‌పురం, కుక్కునూరు, వేలేరుపాడు... ఆ పేర్లు మనకు కంఠతా వచ్చు. ఆ మనుషుల గోస మీద మనం ఎన్నో పేజీలు రాసుకున్నం. అదే నీళ్ల కింద ఎన్ని గుడ్లు, ఎన్ని గూళ్లు పోతాయో ఎవరూ రాయలేదు. రెండో సెక్షను ప్రకారం అది వేటే కదా అని అటవీశాఖను అడిగినవాడు లేడు. అడిగితే వచ్చే జవాబు ఊహించవచ్చు. "అనుమతి ఉంది." అవును, అనుమతి ఉంది. జాతీయ పక్షి వేట చట్టబద్ధం కావాలా అని మనం తర్జనభర్జన పడుతున్నాం. పడవలు తిరిగే నదిలో, ఫైళ్లు తిరిగే ఢిల్లీలో, ఆ పని ఎప్పుడో అయిపోయింది.

అదే కొండ మీద ఒక కొండరెడ్డి ఉచ్చులో నెమలి పడితే ఏమవుతుంది? కనీసం మూడేళ్లు. జడ్జి జాలిపడ్డా దోషి అని తేలితే అంతకన్నా తగ్గించడానికి చట్టం ఒప్పదు. ఈ కొండరెడ్ల మీద హైమన్‌డార్ఫ్ 1945లోనే పుస్తకం అచ్చేశాడు. పోడు కొట్టుకొని, దుంపలు తవ్వుకొని, జీలుగు కల్లు తాగి బతికే జనం. వీళ్లకు హక్కులిస్తామని 2006లో అటవీ హక్కుల చట్టం తెచ్చారు. అందులో సంప్రదాయ హక్కులన్నీ ఇస్తూ, వేట హక్కును మాత్రం పేరు పెట్టి మినహాయించారు. మంచిదే, నేను దాన్ని తప్పు పట్టను. గిరిజనుడు తన వంతు వదులుకున్నాడు. రాజ్యం తన వంతు ఎంత వదులుకుంది?

ఈ ప్రశ్న హైదరాబాదులోనూ లేచింది. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగినప్పుడు సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డం పడ్డారు. లాఠీలు, అరెస్టులు. ఆ రాత్రుల్లో నెమళ్లు అరిచిన వీడియోలు దేశమంతా తిరిగాయి. వాటిలో ఏది నిజం, ఏది కంప్యూటరు సృష్టి అని సర్కారు కేసులు పెట్టుకుంటూ కూర్చుంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపించే దాకా వంద ఎకరాల మీద చెట్లు నేలకూలాయి. నెమలి అరుపు అసలుదా నకిలీదా అని విచారణ చేసిన యంత్రాంగానికి, అక్కడి పొదల కింద గూళ్లేమయ్యాయన్న విచారణ మాత్రం తోచలేదు. కంచే చేను మేయడమంటే ఇదే. ఆ పోరగాళ్లు కోర్టు దాకా పోకుంటే మిగతా మూడు వందల ఎకరాలూ పోయేవి.

ఇక రైతు. ఇక్కడ నేను నెమలి భక్తులతో విడిపోతాను. నెమళ్లు పెరిగిన మాట నిజం. పక్షి పరిశీలకుల లెక్కలతో 2020లో, 2023లో వచ్చిన జాతీయ నివేదికలు రెండూ అదే చెప్పాయి. వేరుశెనగ విత్తనం పెట్టిన మర్నాడే గింజ తవ్వుకు తింటుంది. మొలక గిల్లుతుంది. టమాటా పొడుస్తుంది. మెట్ట సేద్యంలో రెండోసారి విత్తనం కొనడమంటే ఏమిటో పట్నంలో కూర్చుని 'జాతీయ గౌరవం' అని ఉపన్యాసం ఇచ్చేవాళ్లకు తెలియదు. పొదలన్నీ దున్ని ప్లాట్లు చేశాం, నక్కలను, అడవి పిల్లులను తరిమేశాం. పొద పోయిన నెమలి చేనుకు రాక ఎక్కడికి పోతుంది? రైతు చేసిన తప్పేమీ లేదు, నెమలిదీ లేదు. కానీ దేశం తన గౌరవ చిహ్నాన్ని మేపే బాధ్యత మొత్తం ఎకరం, రెండెకరాల రైతు మీద పెట్టింది. ఏనుగు తొక్కితే, పంది కుమ్మితే చేనులో ఆనవాలు ఉంటుంది, ఫొటో తీయవచ్చు. పిట్ట తిన్న గింజకు ఆనవాలేది? దాన్ని పంచనామా చేసేదెవరు?

ఆ కోపం ఎక్కడికి పోతుందో తమిళనాడు చూపించింది. 2018 ఆగస్టులో మదురై దగ్గర ఒకేచోట నలభైకి పైగా నెమళ్లు విషపు గింజలు తిని చచ్చాయి. వేట నిషేధం అక్కడ ఉంది. కాపాడిందా? లేదు. మరైతే నిషేధం ఎత్తేస్తే సరిపోతుందా?

ఈ చోట కొల్లేరును చూడాలి. గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ ఉన్న ఈ సరస్సులో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. అప్పటికే చెరువు గట్లు సరస్సును మింగేశాయి. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో గట్లు పేల్చారు, కొన్నాళ్లకు మళ్లీ లేచాయి. చేపల చెరువు యజమానికి గూడబాతు అంటే మెట్ట రైతుకు నెమలి లాంటిదే. దిగిందంటే చేప పోతుంది. అందుకే చెరువుల మీద వలలు, బాణసంచా మోతలు. ఇంకో పక్క పరజలు, కొంగలు మాంసానికి అమ్ముడుపోతాయి. శీతాకాలం వలస పక్షి వస్తే అడవిశాఖ కంటే ముందు వేటగాడికి కబురు అందుతుంది. గమనించాల్సింది ఏమిటంటే, కొల్లేటి పక్షిని చంపింది చేపల రైతు కోపం ఒక్కటే కాదు, పక్షి మాంసానికి ధర ఉండటం. ధర ఉన్నచోట 'పంట నష్టం' అన్నది మంచి సాకు అవుతుంది. రేపు నెమలిని పంట నష్టం పేరుతో చంపవచ్చంటే, తెల్లారేసరికి దాని మాంసానికి, ఈకకు బేరం మొదలవుతుంది. చచ్చిన నెమలి పంట తిన్నదా, అడవిలో పట్టి తెచ్చిందా అని ఏ రేంజరు తేల్చగలడు?

అమెరికాలో ఇదే జరిగింది. తెల్లతల గద్ద వాళ్ల రాజముద్ర మీద 1782 నుంచి ఉంది. అధికారికంగా జాతీయ పక్షి అయింది మాత్రం 2024 డిసెంబరులోనే. అలాస్కాలో సాల్మన్ చేపలు తినేస్తోందని 1917 నుంచి గద్ద తలకు సర్కారే బహుమానం కట్టింది. 1950ల మొదట్లో ఆపేదాకా లక్షకు పైగా గద్దలు చచ్చాయి. అలాస్కా కాక మిగతా అమెరికాలో, డీడీటీ దెబ్బ కూడా తోడై, 1963 నాటికి గూడు కట్టే జంటలు 417 మిగిలాయి. మనం నెమలిని జాతీయ పక్షి చేసుకున్న ఏడే అది. 1972లో డీడీటీని నిషేధించి, కాపాడి, 2019 నాటికి 71 వేల జంటలు దాటించారు. కొల్లేటి చెరువు గట్టు మీద వినపడే వాదమే నూరేళ్ల కిందట అలాస్కాలో వినపడింది. మన రైతు కష్టం అబద్ధమని కాదు. ఆ కష్టం పేరు చెప్పి తలుపు తెరిస్తే లోపలికి ముందు వచ్చేది రైతు కాదు.

ఎవరు వస్తారో 2016 జూన్‌లో బీహార్‌లో చూశాం. నీల్‌గాయిని హానికరమని కేంద్రం ప్రకటించాక మొకామాలో రెండు వందలకు పైగా కాల్చి పడేశారు. కాల్చింది పొలం పోయిన రైతులు కాదు, బయటి నుంచి రప్పించిన తుపాకీ వాళ్లు. వాళ్లలో మన హైదరాబాదు నుంచి పోయినవాళ్లూ ఉన్నారు. అప్పుడు కేంద్ర మంత్రి మేనకా గాంధీ తన సాటి మంత్రి జవదేకర్ శాఖ మీదే విరుచుకుపడ్డారు. పక్క దేశం పాకిస్తాన్‌లో హుబారా అనే బట్టమేక జాతి పక్షిని ఆ దేశస్థుడు వేటాడితే నేరం, గల్ఫ్ షేకులకు మాత్రం ప్రత్యేక పర్మిట్లు. సుప్రీంకోర్టు 2015లో వద్దంది, 2016 జనవరిలో ఆ తీర్పు వెనక్కి పోయింది. లైసెన్సు వేట ఎక్కడికి పోయినా పెద్దోడి ఆటే. గోదావరి జిల్లాల్లో పెద్దోళ్లకు చట్టం ఎంత లెక్కో సంక్రాంతికి భీమవరం పోతే కనపడుతుంది. 2016 చివర్లో ఉమ్మడి హైకోర్టు కోడి పందాల నిషేధాన్ని కచ్చితంగా అమలు చేయమంది. బరులు ఆగాయా? ప్రజాప్రతినిధులే కండువాలు వేసుకొని బరి ముందు కూర్చుంటున్నారు. కోడి విషయంలోనే చేతులెత్తేసిన వ్యవస్థ నెమలి కోటా లెక్క పెడుతుందంటే నమ్మేదెట్లా?

జాతీయ పక్షి పీఠం దక్కితే చాలు పిట్ట బతుకుతుందనేవాళ్లకు కూడా ఒక మాట. ఆ పీఠానికి నెమలి కాకుండా బట్టమేక పిట్టను పెట్టాలని సలీం అలీ పట్టుబట్టాడు. పేరు బాగా లేదనీ, జనానికి తెలియదనీ ఆ మాట సాగలేదు. అదే బట్టమేక కోసం కర్నూలు జిల్లా రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టారు. తుపాకీ పేలలేదు, గడ్డి మైదానం చుట్టూ పంటలు మారాయి, పిట్ట మాయమైంది. నెమలి పెరిగి, బట్టమేక పోయిందంటే కారణం చట్టంలో తేడా కాదు. రెండూ మొదటి షెడ్యూలువే. నేల పోయిన తర్వాత షెడ్యూలు ఏం చేస్తుంది?

కాబట్టి వేటకు తలుపు తెరవొద్దు, పదకొండో సెక్షను ఉన్నట్టే ఉండాలి. కానీ మూడు పనులు జరగాలని గట్టిగా అడగాలి. పిట్ట తిన్న పంటకు పరిహారం ఇచ్చే పద్ధతి ఊరి స్థాయిలో పెట్టాలి. విత్తనం మళ్లీ కొన్న రశీదు, ఏఈవో సంతకం చాలు, అడవి శాఖ పంచనామా అక్కర్లేదు. రెండు, కనీస శిక్షను ఒక గాట కట్టొద్దు. ఆకలికి ఉచ్చు వేసిన వాడినీ, మాంసం బేరం చేసినవాడినీ, లైకుల కోసం వండినవాడినీ వేరువేరుగా చూసే వీలు జడ్జికి ఉండాలి. మూడోది అన్నిటికన్నా పెద్దది. ఎక్కడ అడవి మళ్లించినా, ఎక్కడ పొదలు కొట్టినా, గూడు కట్టే కాలంలో పని ఆపాలి, గూళ్ల లెక్క తీయాలి, లెక్క తప్పితే రెండో సెక్షను ప్రకారం ఆఫీసరు మీద, కాంట్రాక్టరు మీద వేట కేసు పెట్టాలి. ఉద్యోగ మిత్రులకు ఇది చేదుగా ఉండొచ్చు. ఫైలు మీద సంతకం పెట్టేది వాళ్లే కదా. కానీ ఉచ్చు వేసినవాడికి ఒక న్యాయం, సంతకం పెట్టినవాడికి ఇంకో న్యాయం ఉండకూడదని ఈ పత్రిక పేజీల్లో రాసిన వాళ్లం మనమే.

ఈకల సంగతి కూడా చెప్పాలి. చింతూరు, కూనవరం కొమ్ము కోయలు అడవిదున్న కొమ్ములకు నెమలీకలు కట్టి ఆడతారు. ఆదిలాబాదు గోండు గుస్సాడీల తల మీద ఈకల టోపీ దండారికి ప్రాణం. మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు ఢిల్లీ చూసింది ఆ టోపీనే. రాలిన తోక ఈక ఉంచుకోవడం, దేశంలో అమ్ముకోవడం చట్టం దృష్టిలో తప్పు కాదు. కానీ రాలిన ఈక, పీకిన ఈక కలిసే బజారుకు వస్తాయి. కొనుక్కునే గోండు ముసలాయనకు తేడా తెలియదు, పట్టుకునే బీటు ఆఫీసరుకు అక్కర్లేదు. అమెరికాలో ఈ చిక్కుకే కొలరాడోలో ప్రభుత్వం ఒక గిడ్డంగి పెట్టింది. చచ్చి దొరికిన గద్దలను అక్కడికి చేర్చి, ఆదివాసీలు దరఖాస్తు పెడితే పంపుతారు. వరుసలో ఏళ్లు పడుతుందని వాళ్లు తిట్టుకుంటారు. వయోమింగ్‌లోని నార్తర్న్ అరపాహో తెగ, తమ పూజకు బతికిన గద్దే కావాలని కోర్టుకెక్కింది. 2012లో రెండు గద్దలకు పర్మిట్ దక్కింది, అదీ వాళ్ల రిజర్వేషను బయటనే. అదే నేల పంచుకునే షోషోనీ తెగ ఒప్పుకోలేదు మరి. లక్ష చంపిన దేశం రెండింటికి అంత ఆలోచించింది.

మన ఆదివాసీలు అంత కూడా అడగడం లేదు. రాలిన ఈకలే కావాలి. కేబీఆర్ పార్కులో, జూలలో, నెమళ్లున్న ప్రతి అటవీ ఆఫీసు ఆవరణలో ఏటా ఈకలు రాలుతూనే ఉన్నాయి. ఊడ్చి ఎక్కడ పోస్తున్నారో గానీ, వాటిని ముద్ర వేసి, ఉట్నూరు, భద్రాచలం, రంపచోడవరం ఐటీడీఏల ద్వారా దండారి ముందు, భూమి పండుగ ముందు పంచమని రెండు రాష్ట్రాల అటవీశాఖలకూ అర్జీ పెట్టాలి. దానికి పార్లమెంటు సవరణ అక్కర్లేదు, ఒక మెమో చాలు.